కీమో అయిపోయినా పోని నీరసం, నొప్పులు: దేనికి ఏది ఎంచుకోవాలి?

కీమో ఆఖరి సైకిల్ ముగించుకుని ఇంటికి వచ్చినవాళ్లకు సలహాలకు కొదవ ఉండదు. ఆర్‌ఎంపీ దగ్గర రెండు సెలైన్లు ఎక్కించుకోమని ఒకరు, పాలలో అశ్వగంధ కలిపి తాగమని ఒకరు, నరాల బలానికి ఇంజెక్షన్ల కోర్సు చేయించుకోమని మరొకరు, ఆరు నెలలు మంచం దిగొద్దని ఇంకొకరు. డాక్టర్‌ని అడిగితే "కీమో చేశారు కదా, కొన్నాళ్లు ఉంటుంది" అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ నెలలు గడిచినా వంటింట్లో పది నిమిషాలు నిలబడలేని మనిషికి, అరికాళ్లు మండి రాత్రంతా నిద్రపట్టని మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

రొమ్ము, పెద్దపేగు, అండాశయ క్యాన్సర్లు, లింఫోమా లాంటివాటికి చికిత్స పూర్తయి, జబ్బు అదుపులోకి వచ్చి, నీరసం, నొప్పులు మాత్రం మిగిలిపోయినవాళ్ల కోసం ఈ పోలిక. కీమో ఇంకా నడుస్తున్నవాళ్లకు, జబ్బు శరీరంలో ఇంకా ఉన్నవాళ్లకు లెక్కలు వేరు. వాళ్లు ఇందులో ఏది మొదలుపెట్టాలన్నా ముందు తమ ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టర్‌ను) అడగాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీరసం విషయంలో మాత్రలూ టానిక్కులూ నడక ముందు నిలవవు. నొప్పి సంగతి అలా కాదు. అది ఏ రకం నొప్పో తేలితే దానికి పనికొచ్చే మందు దొరకవచ్చు. ఈ రెండింటికీ కలిపి ఒకే "బలం మందు" కోసం తిరగడం వల్లే డబ్బూ పోతోంది, ఉన్న కాస్త ఓపికా పోతోంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నొప్పికి రాసే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది, ఆ మత్తు నీరసాన్ని పెంచుతుంది. ఒకటి తగ్గించబోయి రెండోది పెంచుకుంటున్నామా అని చూసుకుంటూనే ఎంచుకోవాలి.

ముందు టానిక్కా, ముందు రక్తపరీక్షా?

రక్తపరీక్షే. కీమో తర్వాత వచ్చే నీరసం మామూలు అలసటలాంటిది కాదు. రాత్రంతా పడుకున్నా పోదు, చేసిన పనికీ వచ్చిన అలసటకీ పొంతన ఉండదు. స్నానం చేసి వస్తే మళ్లీ పడుకోవాలనిపిస్తుంది. చాలామందికి ఏడాదిలోపు మెల్లగా సద్దుమణుగుతుంది, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే దానికి కీమో నీరసమని పేరు పెట్టేముందు, తేలిగ్గా సరిచేయగల కారణం వెనక దాక్కుని ఉందేమో చూడాలి.

హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, విటమిన్ డి, కాల్షియం, కిడ్నీ, లివర్ పరీక్షలు అడగండి. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. మెడకు రేడియేషన్ పడినవాళ్లకు, ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్లకు థైరాయిడ్ మందగించడం తరచూ కనిపిస్తుంది. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు షుగర్‌ను పెంచుతాయి, అంతకుముందు లేనివాళ్లలోనూ అది బయటపడొచ్చు. బీ12 సంగతి మన ఇళ్లలో మరీ ముఖ్యం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ పేషెంట్లలో, గుడ్డు, మాంసం ముట్టనివాళ్లలో అది తగ్గుతుంది. తగ్గితే నీరసం వస్తుంది, అరికాళ్లలో తిమ్మిర్లూ వస్తాయి. ఆ తిమ్మిర్లన్నీ కీమో ఖాతాలో వేసుకుని కూర్చుంటే నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

డాక్సోరూబిసిన్ (ఎర్రగా ఉండే ఇంజెక్షన్) లేదా ట్రాస్టుజుమాబ్ తీసుకున్నవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ రెండూ గుండె కండరాన్ని బలహీనపరచగలవు. నీరసంతో పాటు మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం ఉంటే ముందు ఎకో (గుండె స్కాన్) తీయించుకోవాలి. నడక సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇక సెలైన్. ఆ సీసాలో ఉండేది ఉప్పునీళ్లు, లేదంటే గ్లూకోజు నీళ్లు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు అది నిజంగా ప్రాణం పోస్తుంది. మిగతావాళ్లకు కలిగే ఉపశమనంలో ఎక్కువ భాగం గంటసేపు ప్రశాంతంగా పడుకున్నందుకు, పక్కన ఒకరు కూర్చున్నందుకు వచ్చేదే. కీమో వల్ల ఇప్పటికే నరం దొరకని చేతికి మళ్లీ సూది ఎందుకు? షుగర్ ఉన్నవాళ్లకు గ్లూకోజు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అదనపు నీరు హాని కూడా చేస్తాయి.

ఐరన్ మాత్రలు కూడా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలో లోపం తేలితేనే. "రక్తం పెరిగే ఇంజెక్షన్" అని పిలిచే ఎరిత్రోపోయిటిన్‌ని, కిడ్నీ జబ్బు లాంటి కారణం లేకుండా కేవలం నీరసం కోసం అడగొద్దు. దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది.

విశ్రాంతి, నడక, బరువులు, యోగా

పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, నీరసం మాత్రం పోలేదు. అప్పుడు ఇంట్లోవాళ్లు ప్రేమతో ఎంచుకునేది విశ్రాంతి. "అమ్మా, నువ్వు లేవకు, నేను చూసుకుంటాగా" అనని కూతురు ఉండదు. కీమో ఎక్కిన మొదటి రోజుల్లో అది సబబే. చికిత్స ముగిసిన మూడో నెలలోనూ అదే నడిస్తే మాత్రం విశ్రాంతే జబ్బవుతుంది. మంచం మీద ఉన్నకొద్దీ కండ కరుగుతుంది, గుండె దమ్ము తగ్గుతుంది, నిన్న చేసిన పనికే ఇవాళ ఎక్కువ ఓపిక కావాల్సి వస్తుంది.

2017లో జామా ఆంకాలజీ పత్రికలో 113 ప్రయోగాలను, 11 వేలకు పైగా రోగుల ఫలితాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. క్యాన్సర్ నీరసానికి వ్యాయామం, మానసిక కౌన్సెలింగ్ రెండూ మందులకంటే బాగా పనిచేశాయని అందులో తేలింది. 2024లో అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ మరో సంస్థతో కలిసి ఇచ్చిన సూచనలూ ఇదే వరసలో ఉన్నాయి. చికిత్స పూర్తయినవాళ్లకు వ్యాయామం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ, అంటే ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే కౌన్సెలింగ్), మైండ్‌ఫుల్‌నెస్ (ధ్యానం లాంటి) శిక్షణ ముందు వరసలో పెట్టారు. యోగా, ఆక్యుప్రెషర్ కూడా సూచించవచ్చన్నారు. ఎల్-కార్నిటిన్, డిప్రెషన్ మందులు, మెలకువ పెంచే మాత్రలు నీరసం కోసం వద్దన్నారు. మిథైల్‌ఫెనిడేట్ లాంటి ఉత్తేజక మందులు అందరికీ అలవాటుగా రాయొద్దన్నారు. (డిప్రెషన్ నిజంగా ఉంటే దానికి మందు వాడాల్సిందే, అది వేరే సంగతి.)

ఎంత చేయాలి? క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల కోసం 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు చెప్పిన లెక్క ఇది: వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట, ఓ మాదిరి వేగంతో నడక లాంటిది, దాంతోపాటు వారానికి రెండుసార్లు కండరాలకు బలం తెచ్చే వ్యాయామం. ఓ మాదిరి వేగం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడటం మాత్రం కుదరకూడదు. ఈ అరగంట మూడు నెలల్లో చేరాల్సిన గమ్యం. మొదటి రోజు ఐదు నిమిషాలు వరండాలోనో, మేడమీదో తిరిగితే చాలు. వారానికి ఓ రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారుజామునే ముగించాలి, లేదా ఇంట్లోనే నడవాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఓపిక ఉన్న రోజునే. పొద్దున్నే లేచి కాస్త హుషారుగా అనిపించగానే బీరువా సర్దడం, పచ్చడి పెట్టడం, పనిలో పనిగా కర్టెన్లు ఉతకడం, ఆ తర్వాత రెండు రోజులు మంచం. దాంతో "నడిస్తే నాకు పడదు" అనే నమ్మకం ఏర్పడిపోతుంది. పడనిది నడక కాదు, ఒకరోజు అంతా చేసేసి రెండు రోజులు ఏమీ చేయకపోవడం. బాగున్న రోజున కాస్త తగ్గించి, బాగాలేని రోజున కనీసం ఐదు నిమిషాలైనా తిరిగితే కొన్ని వారాలకు తేడా తెలుస్తుంది.

నడక, బరువులు, యోగా మూడింటిలో ఏది? నడకకు ఖర్చు లేదు, నేర్పేవాళ్లు అక్కర్లేదు, అందుకే నా ఓటు ముందు దానికి. రెండోది కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం. ఐదుసార్లతో మొదలుపెట్టినా తొడ కండ మెల్లగా తిరిగి వస్తుంది. బాత్రూమ్‌లో లేవలేక ఇబ్బంది పడే పెద్దవాళ్లకు నడక కంటే ఇదే ముందు కావాలి. అరలీటరు నీళ్ల సీసాలు చేతుల బరువులకు సరిపోతాయి. ఒళ్లు పట్టేసినట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం ఎక్కువగా బాధిస్తుంటే యోగాని ముందుకు తెచ్చుకోవచ్చు. ఒంటరిగా నడవడానికి బద్ధకించి, పదిమందితో క్లాసుకైతే వెళ్లేవాళ్లకూ అంతే. తలకిందుల ఆసనాలు, బలవంతంగా వంగేవి వద్దు. ఎముకల్లోకి జబ్బు పాకినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు వంగడం, బరువులెత్తడం మొదలుపెట్టేముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి. అరికాళ్లకు స్పర్శ లేనివాళ్లకు రోడ్డు మీద నడక కంటే కదలని సైకిల్ మంచిది, పడిపోయే భయం ఉండదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు అక్కడి వైఎంసీఏల్లో క్యాన్సర్ చికిత్స అయినవాళ్ల కోసమే నడిచే లివ్‌స్ట్రాంగ్ వ్యాయామ తరగతులు ఉన్నాయి, కనుక్కోండి. మన దగ్గర అలాంటివి అరుదు, పెద్ద ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగమే దిక్కు.

తిండి గురించి ఒక్క మాట. కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. శరీర బరువులో కిలోకు రోజుకు ఒక గ్రాముకు తగ్గకూడదు, 60 కిలోల మనిషికి 60 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. పథ్యం పేరుతో గుడ్డు, చేప, పప్పు మాన్పించి జావ మీద ఉంచితే ఎంత నడిచినా కండ ఎక్కడి నుంచి వస్తుంది? కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్ని అడిగి పెంచుకోవాలి.

అశ్వగంధకు నేను వ్యతిరేకిని కాను, కానీ ఈ వరసలో దానికి ముందు చోటు ఇవ్వను. కీమో రోగుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి వాడండి. ఇంగ్లిష్ డాక్టర్ తిడతారని దాచడం మన దగ్గర మామూలు, లివర్ పరీక్షలో తేడా వచ్చినప్పుడు అందరినీ తికమకపెట్టేది ఆ దాపరికమే.

నిద్రమాత్రా, కౌన్సెలింగా?

జబ్బు తిరిగి వస్తుందేమోనన్న భయం నిద్రను తినేస్తుంది, నిద్రలేమి మర్నాటి నీరసంగా మారుతుంది. ప్రతి స్కాన్‌కూ ముందు ఆ టెన్షన్ రెట్టింపవుతుంది. నిద్రమాత్ర కొద్దిరోజులకు ఫర్వాలేదు గానీ నెలల తరబడి వాడితే పగటి మత్తు, తూలిపడటం మిగులుతాయి. ఏ టైముకు పడుకున్నా రోజూ ఒకే టైముకు లేవడం, పగటి నిద్ర అరగంట దాటకుండా, మధ్యాహ్నం మూడు లోపే ముగించడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, ఈ మూడూ నిద్రలేమికి వాడే సీబీటీలో భాగాలే.

తెలుగులో సీబీటీ చేసే సైకాలజిస్టులు హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి చోట్ల దొరుకుతారు, చిన్న ఊళ్లలో కష్టం. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు. పూర్తి థెరపీకి అది సాటి రాదు, కానీ మొదటి మెట్టుగా బాగానే ఉంటుంది. ధ్యానం ఇదివరకే అలవాటున్నవాళ్లు దాన్నే కొనసాగించండి, కొత్త యాప్ కొనక్కర్లేదు.

నొప్పి ఒకటే రకం కాదు

"ఒళ్లంతా నొప్పులు" అని డాక్టర్‌కు చెబితే వచ్చేది పెయిన్‌కిల్లర్ చీటీ. ఎక్కడ, ఎలా, ఎప్పుడు అన్నది చెబితే వచ్చే చీటీ వేరుగా ఉంటుంది.

రెండు అరికాళ్లు, వేలి కొసల్లో మంట, సూదులు గుచ్చినట్టు, దూది మీద నడుస్తున్నట్టు ఉండి, రాత్రి ఎక్కువైతే అది నరాల నొప్పి. ప్యాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్ దీన్ని తెచ్చిపెట్టడంలో పేరుమోసిన కీమో మందులు. 2014లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఇలాంటి మందులు తీసుకున్నవాళ్లలో కీమో ముగిసిన మొదటి నెలలో సుమారు 68 శాతం మందికి నరాల ఇబ్బంది ఉంటే, ఆరు నెలలు దాటాక అది 30 శాతానికి తగ్గింది. అంటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది, తగ్గనివాళ్లూ తక్కువేమీ కాదు. ఆక్సాలిప్లాటిన్, సిస్‌ప్లాటిన్‌లతో ఇంకో వింత ఉంది. మందు ఆపేశాక కూడా కొన్ని నెలలపాటు తిమ్మిర్లు పెరిగి, ఆ తర్వాతే తగ్గుముఖం పడతాయి. ఆ సమయంలో "జబ్బు మళ్లీ వచ్చిందేమో" అని హడలిపోయేవాళ్లు ఎందరో.

పొద్దున్నే లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేసి, కాసేపు కదిలితే వదులైతే అది కీళ్లది. రొమ్ము క్యాన్సర్‌కు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ వేసుకునేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆపరేషన్ అయిన వైపు చంక, భుజం పట్టేసి జాకెట్టు వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోకపోతే, దానికి మందు ఫిజియోథెరపీ. ఎన్ని మాత్రలు మింగినా చెయ్యి లేవదు. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడిన లింఫోమా, లుకేమియా పేషెంట్లలో గజ్జల్లో నొప్పి వస్తూ కుంటుతుంటే తుంటి ఎముకకు రక్తం అందడం లేదేమో చూడాలి.

వీటిలో దేనికీ చెందని నొప్పులు కొన్ని ఉన్నాయి. రోజురోజుకూ పెరిగే వెన్నునొప్పి, పడుకుంటే ఎక్కువయ్యేది, దాంతో కాళ్లు బలహీనపడటం, మూత్రం, మలం మీద అదుపు తప్పడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్క కాలే వాచి నొప్పెట్టినా, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. వారాల తరబడి ఒకే ఎముకలో పోటు వదలకపోతే తర్వాతి చెకప్ దాకా ఆగకండి.

నరాల మంటకు ఏ మాత్ర?

ఇక్కడ పోటీ ప్రధానంగా డులోక్సెటిన్‌కూ గబాపెంటిన్, ప్రెగాబాలిన్‌లకూ మధ్య. మన దగ్గర చీటీల్లో ఎక్కువగా కనిపించేవి రెండో జత, అదీ మిథైల్‌కోబాలమిన్‌తో కలిపిన మాత్రల రూపంలో. ఆధారం ఎక్కువగా ఉన్నది మాత్రం మొదటిదానికి. 2013లో జామా వైద్య పత్రికలో వచ్చిన అమెరికా పరీక్షలో 231 మందికి ఒక వారం 30, తర్వాత 60 మిల్లీగ్రాముల డులోక్సెటిన్ ఇచ్చి చూశారు. దాంతో 59 శాతం మందికి నొప్పి ఎంతో కొంత తగ్గింది, మందు లేని ఉత్తుత్తి మాత్రతో 38 శాతం మందికే తగ్గింది. ప్యాక్లిటాక్సెల్ లాంటివాటికంటే ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్లలో మేలు ఎక్కువగా కనిపించింది. గబాపెంటిన్‌ను 2007లో 115 మంది మీద పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకంటే తేడా రాలేదు. 2020 నాటి అమెరికన్ ఆంకాలజీ సూచనల్లో ఈ నొప్పికి సిఫారసు దక్కిన మాత్ర డులోక్సెటిన్ ఒక్కటే.

అయితే గొప్పలు వద్దు. అది మంటను, పోటును తగ్గిస్తుంది గానీ మొద్దుబారడాన్ని పెద్దగా తగ్గించదు. వికారం, నోరెండిపోవడం, తల తిరగడం, కొందరికి నిద్రమత్తు ఉంటాయి. లివర్ బాగాలేనివాళ్లకు పనికిరాదు. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వేసుకునేవాళ్లు తప్పకుండా ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే టామోక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమును డులోక్సెటిన్ కొంత అడ్డుకుంటుంది. వాళ్లకు వెన్లాఫాక్సిన్ లాంటి ప్రత్యామ్నాయం డాక్టర్ ఆలోచిస్తారు. ట్రమడాల్ అనే నొప్పి మాత్రతో కలిపి వేసుకుంటున్నా చెప్పాలి. గూగుల్‌లో "డిప్రెషన్ మందు" అని చూసి "నాకేం పిచ్చా" అని పక్కన పడేసేవాళ్లుంటారు. ఇదే రసాయనం వెన్నుపాములో నొప్పి సంకేతాలను కూడా తగ్గిస్తుంది, అందుకే షుగర్ వల్ల వచ్చే నరాల మంటకూ ఇదే రాస్తారు.

మరి గబాపెంటిన్, ప్రెగాబాలిన్ పూర్తిగా దండగా? డులోక్సెటిన్ పడనివాళ్లకు, రాత్రి మంటతో నిద్రే లేనివాళ్లకు పడుకునేముందు తక్కువ మోతాదులో డాక్టర్లు ప్రయత్నిస్తుంటారు, కొందరికి సుఖంగానే ఉంటుంది. కానీ పగలు కూడా వేసుకుని సోఫాలో జోగుతుంటే, పైన చెప్పిన నడక ఏమవుతుంది? నీరసమే పెద్ద బాధ అయినవాళ్లు ఈ జతకు దూరంగా ఉండటం నయం. నరాల నొప్పికే రాసే మరో మాత్ర అమిట్రిప్టిలిన్‌దీ అదే కథ, పైగా పెద్ద వయసువాళ్లకు మలబద్ధకం, మూత్రం ఆగడం తోడవుతాయి.

"నరాల బలం" మాత్రల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. బీ12 లోపం ఉన్నవాళ్లకు మిథైల్‌కోబాలమిన్ మేలు చేస్తుంది, లోపం లేనివాళ్లలో కీమో నరాల నొప్పికి చెప్పుకోదగ్గ రుజువు లేదు. బీ6 (పిరిడాక్సిన్) ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే దానివల్లే తిమ్మిర్లు వస్తాయి. రెండు మూడు రకాల స్ట్రిప్పులు కలిపి వేసుకునేవాళ్లు వెనక ఉన్న అక్షరాలు చదివితే చాలావాటిలో బీ6 కనిపిస్తుంది. ఎసిటైల్-ఎల్-కార్నిటిన్ కలిపినవి మందుల షాపుల్లో చీటీ లేకుండానే ఇస్తారు. ప్యాక్లిటాక్సెల్ తరహా కీమో తీసుకుంటున్న 409 మంది మహిళలకు నరాలు దెబ్బతినకుండా ఉంటాయేమోనని దాన్ని ఇచ్చి చూస్తే, మేలు జరగకపోగా నరాల ఇబ్బంది పెరిగింది. 2013లో వచ్చిన ఫలితం అది. ఇప్పటికీ మన షాపుల్లో "నరాలకు మంచిది" అనే అమ్ముతున్నారు.

మాత్రలు వద్దనుకునేవాళ్లకు పైపూత మందులున్నాయి. మెంథాల్ క్రీము, లిడోకెయిన్ ప్యాచ్ లాంటివాటికి రుజువు అంతంతమాత్రమే అయినా మత్తు లేదు, లివర్ మీద భారం లేదు, కాబట్టి కొన్నాళ్లు ప్రయత్నించి చూడటంలో నష్టం తక్కువ. వేడినీళ్ల కాపడం మాత్రం స్పర్శ లేని పాదాలకు పెట్టొద్దు. కాలిందన్న సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. నీళ్ల వేడిని మోచేత్తో చూసుకోండి. మొక్కు ఉందని మండే బండల మీద వట్టికాళ్లతో ప్రదక్షిణలు, కాలినడకన కొండెక్కడం ఈ ఏడాదికి వాయిదా వేసుకుంటే దేవుడేమీ అనుకోడు. షుగర్ పేషెంట్ల కోసం చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వీళ్లకూ సరిపోతాయి, ఇంట్లో కూడా వేసుకోవాలి. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

లెట్రోజోల్ కీళ్ల నొప్పులకు

ఇక్కడ పెద్ద ప్రమాదం నొప్పి భరించలేక మాత్ర మానేయడం. ఐదేళ్లు, ఒక్కోసారి అంతకుమించి వేసుకోవాల్సిన మందు అది, జబ్బు తిరిగి రాకుండా కాపాడేది అదే. మానేసే బదులు అదే వర్గంలో ఇంకో మందుకు మార్చమని అడగండి, ఒకటి పడనివాళ్లకు మరొకటి పడుతుంది. వ్యాయామంతో ఈ నొప్పి తగ్గినట్టు అమెరికాలో జరిగిన పరీక్ష ఒకటి చూపించింది. 2018లో 226 మంది మీద జరిపిన పరీక్షలో ఆక్యుపంక్చర్ కూడా పనిచేసింది, కాకపోతే 10 మార్కుల కొలమానంలో ఉత్తుత్తి సూదులకంటే ఒక మార్కు దరిదాపుల్లో మాత్రమే అదనంగా తగ్గింది. దగ్గర్లో అనుభవజ్ఞులు ఉండి ఖర్చు భరించగలిగితే సరే, దానికోసం ఊరు దాటి వెళ్లాల్సినంత లేదు. పారాసెటమాల్ అప్పుడప్పుడూ ఫర్వాలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే కడుపుకూ కిడ్నీకీ చేటు, సిస్‌ప్లాటిన్ తీసుకున్న కిడ్నీలకైతే మరీను.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఆంకాలజిస్టు దగ్గర ఓపీలో దొరికే సమయం కొన్ని నిమిషాలే, ఆయన చూపు స్కాన్ మీద, ట్యూమర్ మార్కర్ మీద ఉంటుంది. అది ఆయన పని. నరాల నొప్పి, ఎటూ తేలని నొప్పులకు పెయిన్ క్లినిక్ గానీ పాలియేటివ్ విభాగం గానీ మెరుగు. పాలియేటివ్ అనగానే "ఇక ఆశ లేదనా?" అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి జబ్బు ఏ దశలో ఉన్నా, నయమైనా, నొప్పి తగ్గించడమే వాళ్ల పని. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో అలాంటి విభాగం ఎప్పటినుంచో ఉంది. తెలంగాణలో జిల్లా స్థాయిలో "ఆలన" పేరుతో పాలియేటివ్ కేంద్రాలున్నాయి. ఉత్తరాంధ్రవాళ్లకు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, రాయలసీమవాళ్లకు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి దగ్గర. షుగర్, వెన్నుపూస సమస్య కూడా ఉండి తిమ్మిర్లు దేనివల్లో తేలకపోతే న్యూరాలజిస్టు. భుజం, నడుము, నడక తేడాలకు నేరుగా ఫిజియోథెరపిస్టు.

ఎవరి దగ్గరికి వెళ్లినా వారం రోజుల కాగితం ఒకటి పట్టుకెళ్లండి. నీరసానికి, నొప్పికి విడివిడిగా రోజూ సున్నా నుంచి పది వరకు మార్కులు, నడిచిన నిమిషాలు, నిద్రపోయిన గంటలు రాసి ఉండాలి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, చూర్ణాలూ టానిక్కులూ సహా సంచిలో వేసుకెళ్లండి. ఒకేసారి మూడు మార్పులు చేయొద్దని అడగండి, లేకపోతే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. కొత్త మాత్రను చెప్పిన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడినా మార్కులు కదలకపోతే, ఇంకోటి పైన కలిపే ముందు దాన్ని తీసేయమనండి. డులోక్సెటిన్, గబాపెంటిన్, ప్రెగాబాలిన్ మూడింటినీ ఒక్కరోజులో ఆపకూడదు, మోతాదు ఎన్ని రోజుల్లో ఎలా తగ్గించాలో చీటీ మీద రాయించుకుని రండి.